గుండెల్లో మంట: ఒక తలుపు కోసం వెతుకులాట

మనం 'గుండెల్లో మంట' అంటాం. ఇంగ్లీషువాళ్ళు 'హార్ట్‌బర్న్' అంటారు. ఒకదానికొకటి చుట్టరికం లేని రెండు భాషలు ఒకే పొరపాటు చేశాయి. మండేది గుండె కాదు, గుండె వెనుకగా పోయే ఆహారవాహిక. అయితే ఈ పొరపాటుకు భాషను తప్పుపట్టలేం. గుండె నుంచీ ఆహారవాహిక నుంచీ నొప్పి వార్తను మోసుకుపోయే నాడులు వెన్నుపాములో ఇంచుమించు ఒకే మెట్ల దగ్గర చేరతాయి. ఏ ఇంటి నుంచి ఉత్తరం వచ్చిందో మెదడు స్పష్టంగా పోల్చుకోలేదు. గుండెపోటును 'గ్యాస్' అనుకొని సోడా తాగి పడుకున్నవారూ, గ్యాస్‌ను గుండెపోటు అనుకొని అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తినవారూ మన బంధువర్గాలలో ఉండడానికి కారణం ఇదే.

నేను వైద్య కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్న రోజులలో, 1988 వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళాను. మా నాన్నగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. ఆయనకు చాలా ఏళ్ళుగా పులిత్రేన్పుల బాధ ఉండేది. రాత్రిపూట మంట గొంతు దాకా ఎగదన్నుతుంటే, ఎవరూ చెప్పకుండానే తన నవారు మంచానికి తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టుకొన్నారు. కొత్తగా నేర్చుకొన్న విద్యను ప్రదర్శించే ఉత్సాహంలో నేను ఆయనకు పాఠం చెప్పాను: "ఆహారవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఒక సంవరణి కండరం ఉంటుంది నాన్నా. తలుపులాంటిది. అది వదులైపోతే కిందనున్న ఆమ్లం పైకి వస్తుంది."

ఆయన కాసేపు ఆలోచించి అడిగారు. "వదులైపోతే ఎప్పుడూ వదులుగానే ఉండాలి గదరా. చొక్కా గుండీ కాజా సాగిపోతే పొద్దున్నా సాగే ఉంటుంది, సాయంత్రమూ సాగే ఉంటుంది. మరి నాకు భోంచేసి వాలుకుర్చీలో కూర్చున్నాక వస్తుంది గాని, పొద్దున పాఠం చెప్పేటప్పుడు రాదేం?"

నా దగ్గర జవాబు లేదు. నా పాఠ్యపుస్తకంలోనూ లేదు. నిజానికి ఆ ప్రశ్నకు సమాధానం అప్పటికి ఎనిమిదేళ్ళ కిందటే అచ్చయింది. ఆ సమాధానం దగ్గరకు వైద్యశాస్త్రం ఎలా చేరిందో, దారిలో ఎక్కడెక్కడ పొరబడిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మింగడం అనే పని

ఆహారవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న కండరాల గొట్టం. పై భాగంలో చేతులలో కాళ్ళలో ఉండే రకం చారల కండరం, కింది భాగంలో పేగులలో ఉండే రకం నునుపు కండరం ఉంటాయి. ముద్ద గొంతు దాటేదాకా మన ఇష్టం, దాటిన తరువాత మన ప్రమేయం లేదు. ముద్దకు వెనుక కండరం బిగుస్తుంది, ముందు వదులవుతుంది. ఈ అల సెకనుకు మూడు నాలుగు సెంటీమీటర్ల చొప్పున కిందికి సాగుతుంది. తలకిందులుగా నిలబడినా మింగగలగడానికి కారణం ఈ అలే. బడి పుస్తకంలో 'పెరిస్టాలిటిక్ చలనం' అని మేము వల్లె వేసినది దీనినే.

ఈ గొట్టం ఖాళీ సంచి కాదనీ, దానికి సొంత పనీ సొంత కాలగణనా ఉన్నాయనీ కొలిచి చూపే ప్రయత్నం పంతొమ్మిదవ శతాబ్దం చివరలో మొదలైంది. జర్మనీలో హ్యూగో క్రోనెకర్, శామ్యూల్ మెల్ట్‌జర్ అనే శాస్త్రవేత్తలు రబ్బరు బుడగలు అమర్చిన గొట్టాలను మనుషుల చేత మింగించి, గుటక వేసినప్పుడు లోపల ఒత్తిడి ఎలా మారుతుందో 1883లో నమోదు చేశారు. ద్రవాలు అల వచ్చేలోపే పిచికారీ కొట్టినట్టు కిందికి చేరతాయన్నది వారు గమనించిన విశేషం. 1895 చివరలో ఎక్స్‌రేలు బయటపడ్డాయి. ఆ మరుసటి సంవత్సరమే హార్వర్డ్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్, తన సహాధ్యాయి మోజర్‌తో కలిసి, కుక్క గొంతులో గుండీ దిగడాన్ని, తరువాత బాతుజాతి పక్షి పొడవాటి మెడలో ఆహారం సాగడాన్ని ఎక్స్‌రే తెరమీద చూశాడు. బ్రతికున్న ప్రాణి మింగుతుండగా లోపల జరిగేది కంటితో చూడడం అదే మొదలు. ఈ చూపు తరువాతి కాలంలో రోగనిర్ధారణకు ఎంత మేలు చేసిందో, ఒక అర్ధశతాబ్దంపాటు వైద్యులను అంత దారి తప్పించింది కూడా. అది తరువాత చెబుతాను.

ఆమ్లం కథ

కండరం సంగతి ఇలా ఉండగా, ఆమ్లం సంగతి వేరే దారిలో నడిచింది. మన దేశంలో మాధవనిదానం అమ్లపిత్తాన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించి, పైకి పోయేది, కిందికి పోయేది అని రెండుగా విడదీసింది. పులిత్రేన్పులు, గుండెలోనూ కంఠంలోనూ మంట దాని లక్షణాలలో చెప్పబడ్డాయి. ఆ వర్గీకరణను నేటి వ్యాధితో సరిగ్గా ముడిపెట్టడం భావ్యం కాదు. కాని 'పైకి పోవడం' ఒక ప్రత్యేకమైన దోషమని గుర్తించిన చూపు మాత్రం మెచ్చుకోదగ్గది.

జీర్ణాశయంలోని పులుపు హైడ్రోక్లోరికామ్లమేనని ఇంగ్లండులో విలియం ప్రౌట్ 1824లో ప్రకటించాడు. సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో తుపాకి గాయంతో పొట్టకు శాశ్వతంగా రంధ్రం పడిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి జీర్ణరసాన్ని సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఏళ్ళ తరబడి పరీక్షించి, 1833లో పుస్తకం వెలువరించాడు. ఆ రసం మాంసాన్ని గాజుపాత్రలో కూడా కరిగించగలదని తేలింది. మరి అంత తీక్ష్ణమైన రసం పైకి వచ్చి ఆహారవాహికను తాకితే? 1879లో జర్మన్ వైద్యుడు హైన్రిష్ క్విన్కె ఆహారవాహికలో జీర్ణరసం వల్ల ఏర్పడిన పుండ్లను వర్ణించాడు. అయినా అవి అరుదైన వింతలుగానే మిగిలిపోయాయి. 1935లో న్యూయార్క్ వైద్యుడు ఆషర్ వింకెల్‌స్టీన్ ఐదుగురు రోగులను వర్ణిస్తూ, ఇది వేరే వ్యాధి అనీ, ఆమ్లమూ పెప్సిన్ అనే ఎంజైమూ కలిసి ఆహారవాహిక లోపలి పొరను ఒరిపిడి పెడుతున్నాయనీ వాదించిన తరువాతే వైద్యలోకం దీనికి ఒక పేరు పెట్టుకొంది.

ఆమ్లం కాలుస్తుందని తేలింది. కాని ఆమ్లం అందరి పొట్టలోనూ ఉంది. కొందరిలోనే పైకి ఎందుకు వస్తుంది? అసలు ప్రశ్న ఇది.

ఎక్స్‌రే చూపిన నేరస్థుడు

ఆహారవాహిక ఛాతీలో నుంచి పొట్టలోకి దిగడానికి ఉదరవితానంలోని ఒక కంత గుండా పోవాలి. కొందరిలో ఆ కంత సాగి, జీర్ణాశయం పై కొస ఛాతీలోకి జారుతుంది. దీనిని హయేటస్ హెర్నియా అంటారు. బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే ఇది స్పష్టంగా కనబడుతుంది. కంటికి కనబడేదానిని నేరస్థుడనుకోవడం మానవ సహజం.

లీడ్స్ నగరంలో శస్త్రచికిత్సకుడైన ఫిలిప్ అల్లిసన్ 1951లో వెలువరించిన వ్యాసం ఈ ఆలోచనకు పునాది. మంటకూ పుండుకూ మూలం ఆమ్లం పైకి పొంగడమేననీ, ఆ పొంగుకు మూలం జారిన హెర్నియా అనీ, దానిని కిందికి లాగి ఉదరవితానాన్ని కుడితే వ్యాధి నయమవుతుందనీ ఆయన ప్రతిపాదించాడు. మొదటి భాగం నిజం. రెండవది సగం నిజం. వేలమందికి ఆ శస్త్రచికిత్స జరిగింది. అల్లిసన్ గొప్పతనం ఏమిటంటే, తాను ఆపరేషను చేసినవారిని ఇరవై ఏళ్ళపాటు వదలకుండా విచారించి, చాలామందిలో వ్యాధి తిరగబెట్టిందని 1973లో తన చేతులతోనే రాసి ప్రచురించాడు. తన పేరుతో చెలామణీ అవుతున్న చికిత్స విఫలమైందని స్వయంగా ఒప్పుకోవడం ఏ రంగంలోనైనా అరుదు.

ఆ కాలంలోనే లండన్ శస్త్రచికిత్సకుడు నార్మన్ బారెట్, కొందరి ఆహారవాహికలో కింది భాగపు పొర జీర్ణాశయపు పొరలా ఉండడం చూసి, అది ఆహారవాహికే కాదు, పైకి లాగబడిన జీర్ణాశయం అని 1950లో వాదించాడు. అల్లిసన్, జాన్‌స్టన్‌లు 1953లో దానిని కాదని నిరూపించారు. 1957 నాటికి బారెట్ తన పొరపాటును అంగీకరించాడు. విచిత్రమేమంటే, తాను మొదట తప్పుగా అర్థం చేసుకొన్న ఆ మార్పుకే ఆయన పేరు స్థిరపడింది. దీర్ఘకాలం ఆమ్లం తాకిడికి లోనైన పొర రూపం మార్చుకోవడమే 'బారెట్ ఆహారవాహిక'. అది కొద్దిమందిలో కాన్సరుకు మెట్టు అవుతుంది.

ఇదే దశలో మరొకచోట మరొక ఉపాయం పుట్టింది. యూదుడైనందుకు 1933లో బెర్లిన్ విడిచి ఇస్తాంబుల్ చేరిన రుడాల్ఫ్ నిస్సెన్, అక్కడ ఒక రోగికి ఆహారవాహిక కింది భాగం తొలగించి అతికినప్పుడు, కుట్లు ఊడకుండా ఉండడానికి జీర్ణాశయపు పై మడతను దాని చుట్టూ కప్పాడు. ఏళ్ళ తరువాత విచారిస్తే ఆ రోగికి ఆమ్లం పైకి రావడం లేదని తెలిసింది. ఆ జ్ఞాపకంతో 1955లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో, ఆమ్లం పొంగే రోగికి కావాలనే అదే పని చేశాడు. జీర్ణాశయపు మడతను ఆహారవాహిక చుట్టూ మెడపట్టీలా చుట్టి కుట్టాడు. 1956లో దానిని ప్రచురించాడు. ఈ ఆపరేషను హెర్నియాను సరిచేయడం కంటే మెరుగ్గా పనిచేసింది. ఎందుకు పనిచేసిందో అప్పటికి పూర్తిగా తెలియదు. అయితే దాని దుష్ఫలితం ఒకటి మనకు తరువాత అక్కరకు వస్తుంది: బిగువుగా చుట్టినవారిలో కొందరు త్రేన్చలేకపోయేవారు. కడుపు ఉబ్బి బాధపడేవారు.

కనబడని తలుపు

శవపరీక్ష చేసిన శరీరశాస్త్రజ్ఞులకు ఆహారవాహిక చివర స్పష్టమైన కండర వలయమేదీ కంటికి ఆనలేదు. అందుచేత అక్కడ సంవరణి అనేదే లేదని కొందరు గట్టిగా వాదించారు. మేయో క్లినిక్‌లో చార్లెస్ కోడ్, ఫైక్, ష్లెగెల్‌లు సన్నని గొట్టాల ద్వారా ఒత్తిడి కొలుస్తూ, జీర్ణాశయం నుంచి గొట్టాన్ని మెల్లగా పైకి లాగారు. కొన్ని సెంటీమీటర్ల మేర ఒత్తిడి పైనా కిందా ఉన్నదానికంటే ఎక్కువగా ఉంది. గుటక వేయగానే అక్కడ ఒత్తిడి పడిపోయింది, ముద్ద దాటగానే మళ్ళీ లేచింది. 1956లో వచ్చిన ఆ వ్యాసంతో, కత్తికి దొరకని తలుపు కొలతకు దొరికింది. ఆ స్థలంలో కండరపు పోగుల అమరికలో నిజంగానే తేడా ఉందని 1979లో లీబర్‌మన్-మెఫెర్ట్ బృందం చూపించడంతో శరీరశాస్త్రజ్ఞులకూ తృప్తి కలిగింది.

ఆ తలుపు నిజమని చెప్పే సాక్ష్యం దానికి వ్యతిరేకమైన వ్యాధిలోనూ ఉంది. 1674లో ఇంగ్లీషు వైద్యుడు థామస్ విల్లిస్, ఎంత తిన్నా ముద్ద కడుపులోకి దిగని ఒక రోగికి తిమింగలపు ఎముక కొసకు స్పాంజి కట్టి ఇచ్చాడు. ప్రతి భోజనం తరువాతా ఆ రోగి దానితో ఆహారాన్ని కిందికి నెట్టుకొంటూ ఏళ్ళ తరబడి బ్రతికాడు. తలుపు తెరుచుకోని ఈ వ్యాధినే నేడు అకలేషియా అంటాం. 1913లో ఎర్నెస్ట్ హెల్లర్ ఆ కండరాన్ని నిలువునా కోసి దారి తెరిచాడు. ముద్ద దిగింది. కాని అలా కోయించుకొన్నవారిలో చాలామందికి తరువాత ఆమ్లం పైకి రావడం మొదలైంది. తలుపు తీసేస్తే వరద వచ్చిందంటే, అంతవరకూ వరదను ఆపింది ఆ తలుపే కదా. అందుకే ఈనాడు ఆ కోత పెట్టిన శస్త్రచికిత్సకులు సాధారణంగా జీర్ణాశయపు మడతను పాక్షికంగా కప్పి మరీ కుడతారు.

1967లో వినాన్స్, హారిస్‌లు సంవరణి ఒత్తిడిని నమ్మకంగా అంకెలలో చెప్పే పద్ధతి రూపొందించారు. 1971లో కోహెన్, హారిస్‌లు ఒక సూటి ప్రశ్న వేశారు: సంవరణి బలాన్ని హెర్నియా దెబ్బతీస్తుందా? హెర్నియా ఉన్నదా లేదా అన్నది కాదు, సంవరణి ఒత్తిడి ఎంత అన్నదే ముఖ్యమని వారు తేల్చారు. ఇరవై ఏళ్ళ హెర్నియా సిద్ధాంతం కూలిపోయింది. దాని స్థానంలో 'వదులైన తలుపు' సిద్ధాంతం నిలబడింది. నేను మా నాన్నగారికి అప్పజెప్పిన పాఠం ఇదే.

నాన్నగారి ప్రశ్నకు సమాధానం

కాని ఈ సిద్ధాంతానికీ ఒక చిక్కు ఉంది. వ్యాధిగ్రస్తులలో చాలామందికి సంవరణి ఒత్తిడి కొలిస్తే మామూలుగానే ఉంటుంది. ఆరోగ్యవంతులలో కూడా భోజనం తరువాత కాస్త ఆమ్లం పైకి రావడం కద్దు. తలుపు బిగువుగానే ఉంటే ఆమ్లం ఎటునుంచి వస్తోంది?

చిక్కంతా కొలతలో ఉంది. గుటక వేసినప్పుడల్లా ఆహారవాహిక పొట్టిదవుతుంది. సంవరణి పైకి జారుతుంది. ఒకే బిందువు దగ్గర ఒత్తిడి కొలిచే సాధనం దానిమీద నిలవదు. పడిపోయింది ఒత్తిడా, పక్కకు జారింది సాధనమా అన్నది తెలియదు. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ డెంట్ 1976లో ఆరు సెంటీమీటర్ల పొడవున్న తొడుగులాంటి సాధనాన్ని తయారుచేశాడు. సంవరణి పైకి కిందికి ఎటు జారినా ఆ తొడుగు పరిధిలోనే ఉంటుంది. ఇక గంటల తరబడి, నిద్రలో కూడా, కాపలా కాయవచ్చు.

డెంట్, అమెరికాలో వైలీ డాడ్స్ బృందంతో కలిసి, ఆరోగ్యవంతులలో ఒత్తిడినీ ఆమ్లాన్నీ ఒకేసారి నమోదు చేస్తూ రాత్రంతా గమనించాడు. 1980లో వెలువడిన ఫలితం అందరూ ఊహించినదానికి భిన్నంగా ఉంది. ఆమ్లం పైకి వచ్చిన ఘడియలలో సంవరణి వదులుగా లేదు. అంతకు ముందు క్షణం వరకూ బిగువుగానే ఉండి, గుటకతో సంబంధం లేకుండా, కొన్ని సెకన్లపాటు పూర్తిగా తెరుచుకొని, మళ్ళీ మూసుకొంది. ఆ తెరుచుకొన్న సందులోనే ఆమ్లం పైకి వచ్చింది. 1982లో డాడ్స్ బృందం వ్యాధిగ్రస్తులను కూడా పరిశీలించింది. వారిలో పొంగిన సందర్భాలలో సుమారు మూడింట రెండు వంతులు ఈ తాత్కాలిక సడలింపులలోనే జరిగాయి. మిగిలినవాటిలో కొన్ని పొట్టమీద హఠాత్తుగా ఒత్తిడి పెరిగినప్పుడు, కొన్ని నిజంగానే బలహీనమైన సంవరణి గుండా జరిగాయి.

అసలు గుటక లేకుండా ఆ తలుపు ఎందుకు తెరుచుకోవాలి? త్రేన్పు కోసం. తిన్నప్పుడూ తాగినప్పుడూ మనం గాలి కూడా మింగుతాం. అది పోయే దారి ఉండాలి. జీర్ణాశయపు పై భాగం సాగినప్పుడు వేగస్ నాడి ఆ వార్తను మెదడు కాండానికి మోసుకుపోతుంది. అక్కడి నుంచి వచ్చిన ఆజ్ఞతో సంవరణి తెరుచుకొంటుంది. 1964లోనే బోస్టన్‌లో మెక్‌నాలీ, కెల్లీ, ఇంగెల్‌ఫింగర్‌లు జీర్ణాశయంలోకి గాలి ఎక్కించి త్రేన్పు విధానాన్ని అధ్యయనం చేశారు. ఆ త్రేన్పు తలుపే ఆమ్లానికీ దారి అని గ్రహించడానికి మరో పదహారేళ్ళు పట్టింది. నిస్సెన్ చుట్టిన మెడపట్టీ ఆమ్లాన్నీ త్రేన్పునూ కలిపి ఎందుకు ఆపిందో ఇప్పుడు పాఠకులకు బోధపడి ఉంటుంది.

కాబట్టి మా నాన్నగారి కాజా సాగిపోలేదు. నిండు భోజనం చేసి కూర్చున్నప్పుడు పొట్ట సాగింది, తలుపు మాటిమాటికీ తెరుచుకొంది. ఖాళీ కడుపుతో నిలబడి పాఠం చెబుతున్నప్పుడు తెరుచుకోవలసిన అవసరం దానికి లేదు.

ఒక్క కండరం కాదు

తలుపు ఒక్కటే కాదని తరువాతి పరిశోధన తేల్చింది. సంవరణిని చుట్టి ఉదరవితానపు కండరం రెండో గొళ్ళెంలా ఉంటుంది. దగ్గినప్పుడు, వంగినప్పుడు, లోతుగా ఊపిరి పీల్చినప్పుడు అది బిగుసుకొని సాయం చేస్తుంది. ఈ విషయాన్ని నిలబెట్టినవారిలో భారత సంతతి వైద్యుడు రవీందర్ మిత్తల్ ముఖ్యులు. హెర్నియాలో ఈ రెండు గొళ్ళేలూ ఒకదానిమీద ఒకటి ఉండకుండా విడిపోతాయి. అంటే అల్లిసన్ పూర్తిగా పొరపాటు పడలేదు. ఆయన గొళ్ళేన్ని చూసి తలుపు అనుకొన్నాడు, అంతే. శాస్త్రంలో పక్కకు నెట్టిన సిద్ధాంతం తన పాలు సత్యంతో తిరిగి రావడం ఇలాగే జరుగుతుంది.

మూడో కాపలా ఆహారవాహిక సొంత కదలిక. 1984లో హెల్మ్, డాడ్స్ బృందం ఆహారవాహికలోకి కొద్దిగా ఆమ్లం పోసి, అది ఎలా పోతుందో చూసింది. ఒకటి రెండు అలలతో ఆమ్లంలో దాదాపు అంతా కిందికి వెళ్ళిపోయింది. కాని పొరకు అంటుకొన్న కొద్ది తడి పులుపు అలాగే ఉంది. ఆ తరువాత ప్రతి గుటకతోనూ దిగే లాలాజలమే దానిని మెట్టు మెట్టుగా విరిచింది. ఊడ్చేది కండరం, కడిగేది ఉమ్మి. నిద్రలో గుటకలూ లాలాజలమూ రెండూ తగ్గిపోతాయి కాబట్టి రాత్రి పైకి వచ్చిన ఆమ్లం ఎక్కువసేపు నిలిచి ఎక్కువ హాని చేస్తుంది. నాన్నగారి ఇటుకల విలువ ఇక్కడ ఉంది. ఎడమవైపు తిరిగి పడుకొంటే పొంగు తగ్గడం కూడా జీర్ణాశయపు ఆకృతి వల్ల కలిగే మేలు.

కండరం అల బలహీనపడితే ఊడ్పు మందగిస్తుంది. పుండు తీవ్రమయ్యేకొద్దీ అలలు విఫలమయ్యే రోగుల సంఖ్య పెరుగుతుందని 1986లో కహ్రిలాస్ బృందం చూపింది. మందులతో పుండు మానినా ఈ బలహీనత చాలామందిలో మిగిలిపోతుంది. స్క్లెరోడెర్మా అనే వ్యాధిలో నునుపు కండరం క్షీణించి, తలుపూ ఊడ్పూ రెండూ ఒకేసారి పోతాయి. ఆ రోగుల ఆహారవాహిక ఎంత దెబ్బతింటుందో చూసినవారికి కండరం విలువ వేరే చెప్పనక్కరలేదు.

మందులు చేసిన మేలు, కప్పిన నిజం

1976లో సిమెటిడీన్, 1980ల చివర ఒమెప్రజోల్ వచ్చాయి. ఆమ్లం ఉత్పత్తిని తగ్గించడంలో అవి సాధించిన విజయం అసామాన్యం. పుండ్లు మానాయి, మంట చల్లారింది. దానితో కండరం గురించి ఆలోచించే అవసరం తగ్గిపోయింది. అయితే ఈ మాత్రలు తలుపును ముట్టుకోవు. 2001లో వేలా, సహచరులు ఒమెప్రజోల్‌కు ముందూ తరువాతా కొలిచి చూస్తే, పైకి పొంగడం ఆగలేదు, పొంగేదానిలో పులుపు మాత్రమే తగ్గింది. మాత్ర వేసుకొన్నా నోట్లోకి నీళ్ళు వస్తున్నాయని చెప్పే రోగి అబద్ధమాడడం లేదు.

కండరాన్ని బాగుచేసే మందుల కథ అంత సుఖాంతం కాదు. ఒకప్పుడు విరివిగా వాడిన సిసాప్రైడ్ గుండె లయను ప్రమాదకరంగా చెదరగొడుతోందని తేలి, 2000లో అమెరికా మార్కెట్ నుంచి తప్పుకొంది. బాక్లోఫెన్ తాత్కాలిక సడలింపులను తగ్గిస్తుంది గాని మగతా కళ్ళు తిరగడమూ తెస్తుంది. మరోవైపు, గుండెనొప్పికి వాడే నైట్రేట్లు, రక్తపోటుకు వాడే కొన్ని కాల్షియం నిరోధకాలు ఇదే నునుపు కండరాన్ని సడలిస్తాయి. నాలుక కింద మాత్రతో నొప్పి తగ్గింది కాబట్టి అది గుండెదేనని తేల్చడానికి వీలులేకపోవడం ఇందువల్లే. నొప్పి గుండెదా కాదా అన్నది ఇంట్లో తేలే విషయం కాదు. ఆసుపత్రిలోనే తేలాలి.

ఇంగెల్‌ఫింగర్ చివరి పాఠం

త్రేన్పు ప్రయోగంలో పేరు వచ్చిన ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్ ఆహారవాహిక కదలికల మీద 1958లో రాసిన సమీక్ష ఒక తరం పరిశోధకులకు పాఠ్యగ్రంథంలా పనిచేసింది. తరువాత పదేళ్ళపాటు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంపాదకుడుగా ఉన్నాడు. జీవితమంతా ఆయన చదివిన ఆ స్థలంలోనే, ఆహారవాహిక జీర్ణాశయంలో కలిసేచోట, ఆయనకు కాన్సరు వచ్చింది. ఆ వ్యాధి గురించి ఆయనకంటే ఎక్కువ తెలిసినవారు తక్కువ. అయినా శస్త్రచికిత్స తరువాత ఏ చికిత్స తీసుకోవాలో తేల్చుకోలేక, దేశం నలుమూలల నుంచి మిత్రులు పంపిన పరస్పర విరుద్ధమైన సలహాల మధ్య ఆయనా కుటుంబమూ నలిగిపోయారు. చివరకు ఒక వివేకవంతుడైన వైద్య మిత్రుడు, నీకిప్పుడు కావలసింది ఒక డాక్టరు అని చెప్పాడట. ఒకరికి బాధ్యత అప్పగించాకే తనకు మనశ్శాంతి దొరికిందని ఆయన రాసుకొన్నాడు. ఆ వ్యాసం ఆయన చనిపోయిన తరువాత, 1980 డిసెంబరులో, ఆయన నడిపిన పత్రికలోనే వెలువడింది. డెంట్ ఫలితాలు వచ్చిన సంవత్సరమూ అదే.

నాకు ఆ వ్యాసం చదివినప్పుడల్లా మా ఇల్లు గుర్తొస్తుంది. నేను అమెరికాలో శిక్షణ ముగించి, డెంట్ వ్యాసం చదివి, ఒక ఆదివారం ఉదయం ఫోనులో నాన్నగారికి ఆయన ప్రశ్నకు సమాధానం గర్వంగా విన్నవించాను. ఆయన అంతా విని, "అయితే అది వదులైన తలుపు కాదు, వేళకాని వేళ తెరుచుకొనే తలుపన్నమాట" అన్నారు. నేనిన్ని మాటలలో చెప్పినదాన్ని ఆయన ఒక్క వాక్యంలో చెప్పారు. ఆ తరువాత కొన్నేళ్ళకు మా అమ్మ, ఏదో మాటల సందర్భంలో, "మీ నాన్న ఈమధ్య పప్పూ మజ్జిగే తింటున్నారు, ముద్ద గొంతులో ఆగుతోందట" అంది. ఎన్ని నెలలుగా అని అడిగితే ఏడాది దాటిందన్నది. ప్రతి ఆదివారం ఫోను చేసి రక్తపోటు అడిగాను, చక్కెర అడిగాను, మింగడం ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. ఆయన ఇంట్లో డాక్టరు ఉన్నాడు కాబట్టి మరో డాక్టరు దగ్గరకు వెళ్ళలేదు. ఎండోస్కోపీలో కాన్సరు లేదని తేలేవరకు గడిచిన నాలుగు రోజులు నాకు బాగా జ్ఞాపకం. ఏళ్ళ తరబడి ఆమ్లం కాల్చిన చోట మచ్చకట్టి దారి ఇరుకైంది. విల్లిస్ తిమింగలపు ఎముకకు వారసురాలైన ఒక సాధనంతో దానిని వెడల్పు చేశారు. ఆయన మళ్ళీ అన్నం తిన్నారు.

ముద్ద అడ్డుపడడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన మంట. వీటిని మాత్రతో నొక్కిపెట్టకూడదు. 1999లో స్వీడన్‌లో లాగర్‌గ్రెన్ బృందం దీర్ఘకాలపు తీవ్రమైన మంటకూ ఆహారవాహిక కాన్సరుకూ ఉన్న బలమైన సంబంధాన్ని చూపింది. మంట ఉన్నవారిలో అత్యధికులకు ఆ కాన్సరు ఎన్నడూ రాదన్నదీ అంతే నిజం. భయపడనక్కరలేదు. అడగవలసినవారిని అడగాలి.

ఆ నవారు మంచం మా ఊళ్ళో ఇప్పటికీ ఉంది. తలవైపు కోళ్ళ కింద ఇటుకలు కూడా అలాగే ఉన్నాయి. నా దగ్గరకు వచ్చే తెలుగు రోగులకు నేను మందుచీటీ రాసే ముందు, పడక తలవైపు ఎత్తు పెంచుకోమని చెబుతాను. ఎంత ఎత్తు అని అడిగితే, రెండు ఇటుకలు అంటాను.